టీచరమ్మ వ్యాను మూలుగు

గ్యారేజీ తాళంచెవులు మా మేస్త్రికి అప్పగించి ఇంట్లో కూర్చున్న దగ్గర్నుంచి, నన్ను చూడటానికి వచ్చే కుర్ర మెకానిక్కులు ఒకటే అడుగుతున్నారు. మీ సర్వీసులో మిమ్మల్ని బాగా తిప్పలు పెట్టిన బండి ఏదండీ అని. ఏ లారీ ఇంజను గురించో చెబుతాననుకుంటారు. నేను ముసునూరు టీచరమ్మ గారి లోడు వ్యాను గురించి చెబుతాను. మీరు ఇప్పుడు బండికి వైరు తగిలించి, తెర మీద చూసి జబ్బేంటో చెప్పేస్తున్నారు, సంతోషం. ఆ వ్యానుకి వైరు తగిలించే చోటే లేదు. అంత పాతది.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. నేను పుట్టింది కిరాణా కొట్లో. మాట వరసకి కాదు, ముందు గది కొట్టు, వెనక గది కాపురం. అక్షరాలకంటే ముందు నాకు బేరం వచ్చింది. పెళ్ళిచూపుల్లో మామగారు మిఠాయి పెడితే, ఏ కొట్లో తెచ్చారో కనుక్కుని, ఎక్కువ పెట్టి కొన్నారని చెప్పి వచ్చానట. నాకు గుర్తులేదు. మా ఆవిడకి గుర్తుంది. కొట్టు అన్నయ్యకి వచ్చింది. నన్ను నూజివీడులోనే ఒక స్పేర్ పార్టుల షాపులో పెట్టారు. అక్కడినుంచి నెమ్మదిగా గ్యారేజీ పెట్టే దాకా వచ్చాను. బోల్టు ఏ సైజో తెలియకముందే ఏ ధరో తెలిసిన మెకానిక్కుని నేను. అందుకే గ్యారేజీ పెట్టి ఎన్నేళ్ళయినా నన్ను అందరూ శెట్టిగారనే పిలిచారు.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. బండి ఖాళీగా కదలకూడదు. నాన్న సైకిలు మీద పక్క వీధికి వెళ్ళినా వెనక క్యారియర్ మీద ఏదో ఒకటి ఉండాల్సిందే. పోయేటప్పుడు సరుకు, వచ్చేటప్పుడు సరుకు. ఈ పట్టింపు నాతోపాటు గ్యారేజీలోకీ వచ్చింది. రిపేరు అయ్యాక బండిని రోడ్డు మీద నడిపి చూస్తాం కదా, ఆ ట్రయల్ ఎప్పుడూ నేనే చేసేవాణ్ణి. ఎలాగూ ముసునూరు రోడ్డు దాకా పోతున్నాం, అన్నయ్య కొట్టు దగ్గర నాలుగు బియ్యం బస్తాలు వేసుకుంటే ఊళ్ళలో చిన్న కొట్లకు దింపేయొచ్చు. వచ్చేటప్పుడు అక్కడ అన్నయ్య కొన్న మొక్కజొన్నో మినుములో వేసుకొస్తే సరిపోతుంది. కస్టమరు డీజిలు, అన్నయ్య సరుకు, నా ట్రయల్. ముగ్గురికీ లాభమే అనుకునేవాణ్ణి. కస్టమరుకి ఏం లాభమని ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ ఆలోచించలేదు.

మా మేస్త్రి మాత్రం ట్రయల్‌కి రానని ఏనాడో చెప్పేశాడు. "కింద పడుకునే పని నాది, పైన కూర్చునే పని మీది" అనేవాడు. బండి కిందకి దూరాడంటే ప్రపంచం కూలినా బయటికి రాడు. పని అంత శుభ్రం. నోరు మాత్రం అంత శుభ్రం కాదు, నా విషయంలో.

ఇక టీచరమ్మ గారు. సర్కారు బళ్ళో పనిచేసి రిటైరయ్యారు. చర్చిలో పాట ఎత్తుకునేదీ, హార్మోనియం వాయించేదీ ఆవిడే. మా మేస్త్రి ఆవిడ దగ్గరే అయిదో తరగతి చదివాడు. ఆ సంగతి, ఆవిడ గ్యారేజీ గేటులోకి రాగానే వాడు తలకి కట్టుకున్న తువ్వాలు విప్పి చంకలో పెట్టుకోవడం చూసి తెలుసుకున్నాను. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ముసునూరు పక్కన ఒక మామిడితోట కౌలుకి తీసుకున్నారు. ఎక్కువ చిన్న రసాలు, కొన్ని బంగినపల్లి. మొదటి ఏడు పంట చెట్టు మీద ఉండగానే ఒక వ్యాపారికి ఇచ్చేశారు. అతను పూతప్పుడు ఒక మాట, పిందెప్పుడు ఒక మాట, కోతప్పుడు ఇంకో మాట చెప్పి, ప్రతి కాయకీ ఒక మచ్చ కనిపెట్టి, చివరికి తోటలో ఆకులు కూడా తనవే అన్నట్టు కోసుకుపోయాడు. రెండో ఏడు ఆవిడ పట్టుపట్టారు. నా కాయ నేనే కోయిస్తాను, నేనే మార్కెట్‌కి తోలుకెళ్తాను అని. అందుకోసమే శీతాకాలంలో ఈ పాత వ్యాను కొన్నారు. ఆవిడే నడుపుతారు. కాటన్ చీర, కళ్ళజోడు, పెద్ద స్టీరింగు. ముసునూరు రోడ్డులో ఆవిడ ఎదురొస్తే ఆటోవాళ్ళు పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవారు, గౌరవం సగం, భయం సగం.

కాయ కోతకి ఇంకా మూడు వారాలు ఉందనగా బండి తీసుకొచ్చారు. శబ్దం వస్తోందన్నారు. ఎలాంటి శబ్దమండీ అని అడిగాను. ఎవరైనా గరగర అంటారు, టకటక అంటారు. ఆవిడ కళ్ళు మూసుకుని గొంతు సవరించుకున్నారు.

"హార్మోనియంలో కింది సా నొక్కి పట్టుకోండి. పక్కన ఒకళ్ళు తిత్తిని ఆగి ఆగి తడుతున్నారనుకోండి. మ్‌మ్... మ్‌మ్... మ్‌మ్. టాప్ గేరులో కాస్త ఊపందుకోగానే వస్తుంది. సీటు కిందినుంచి."

గ్యారేజీ అంతా రెంచీలు దించి విన్నది. మా మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పాట అయ్యాక కూర్చోమంటారేమో అన్నట్టు.

ఇంజను నుంచి వెనక చక్రాలకు తిరుగుడు అందించే పొడవాటి ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది, షాఫ్ట్ అంటాం. దాని చివర్లలో మడత తిరిగే జాయింట్లు ఉంటాయి. ఆవిడ చెప్పిన మూలుగు అక్కడిదే అయ్యుంటుందని మేస్త్రి అన్నాడు. విప్పాడు, తుడిచాడు, గ్రీజు పట్టించాడు. నేను ట్రయల్‌కి బయలుదేరాను. పోయేటప్పుడు బియ్యం, వచ్చేటప్పుడు మొక్కజొన్న. బండి పసిపాప నిద్రపోతున్నంత నెమ్మదిగా నడిచింది. శబ్దం పోయిందని ఫోను చేశాను.

రెండు రోజుల్లో ఆవిడ మళ్ళీ వచ్చారు.

"పోయిందన్నారు. ఎక్కడికి పోయింది? మా ఇంటికే వచ్చింది."

ఈసారి జాయింట్లు మార్చాం. షాఫ్ట్ మధ్యలో దాన్ని పట్టుకునే బేరింగు ఉంటుంది, అదీ మార్చాం. మళ్ళీ ట్రయల్. ఈసారి బియ్యంతోపాటు నూనె డబ్బాలు కూడా ఉన్నాయి, పండగ ముందు కాబట్టి. చిన్న మూలుగు కూడా లేదు. నాకు మా మేస్త్రి మీద గర్వం వేసింది. మేస్త్రికి నా మీద అనుమానం వచ్చింది. "మీరు సరిగ్గా విన్నారా శెట్టిగారూ, లేక దారంతా లెక్కలేసుకుంటున్నారా?" అన్నాడు. విన్నాననే చెప్పాను. నిజంగానే విన్నాను. లెక్కలు వేసుకుంటూ కూడా వినగలను.

మూడోసారి వచ్చినప్పుడు ఆవిడ బండి అప్పగించి వెళ్ళిపోలేదు. నేనూ ట్రయల్‌కి వస్తానన్నారు. తప్పకుండా రండి అన్నాను. నాకూ అదే కావాలి, మీరే మీ చెవులతో వినండి అని. అలవాటు ప్రకారం అన్నయ్య కొట్టు ముందు ఆపాను. హమాలీలు బస్తాలు, నూనె డబ్బాలు వేస్తుంటే ఆవిడ అద్దంలోంచి చూస్తూ ఇవేంటండీ అన్నారు. దారే కదండీ, ఊరికే పోవడం దేనికని అన్నాను. ఆవిడ బళ్ళో పిల్లల్ని లెక్కపెట్టినట్టు వేలు కదుపుతూ బస్తాలు లెక్కపెట్టుకున్నారు.

ఊరు దాటి తోటలమధ్య రోడ్డు తిన్నగా పడ్డాక టాప్ గేరు వేశాను. ఆవిడ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, తల ఒక పక్కకి వంచి కూర్చున్నారు. నేనూ విన్నాను. గాలి, టైర్లు, వెనక నూనె డబ్బాల చప్పుడు. అంతే. ఇంకొంచెం వేగం పెంచమన్నారు. పెంచాను. తగ్గించమన్నారు. తగ్గించాను. ముసునూరు దాటాం, బస్తాలు దింపిన చోటే మినుములు ఎక్కించుకున్నాం, వెనక్కి తిరిగాం, నూజివీడు వచ్చాం. ఆ మూలుగు రాలేదు. చూశారా టీచరుగారూ అని నేను అననైతే అనలేదు కానీ, నా మొహం ఆ మాట అంటూనే ఉండి ఉంటుంది.

గ్యారేజీలో దిగాక ఆవిడ వ్యాను తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"ముప్ఫయ్యేళ్ళుగా చర్చిలో శ్రుతి తప్పితే మొదట నాకే తెలిసేది" అన్నారు. "ఇప్పుడు లేని శబ్దం వినిపిస్తోందంటే, తప్పు నా చెవుల్లోనే ఉందేమో."

మీ ఆయనకి వినిపించదా అని అడిగాను. ఆయన నా మాటే వినడు, బండి శబ్దం వింటాడా అన్నారు. నవ్వారు కానీ ఆ నవ్వు పూర్తిగా రాలేదు.

ఆ వారం చివర్లో మా మేస్త్రి కబురు తెచ్చాడు. ఆవిడ బండి అమ్మేస్తున్నారట. చెవుల తప్పో, బండి తప్పో తేలని దాన్ని నమ్ముకుని కాయ కోయలేను, కోసిన కాయ ఎండలో రోడ్డు మీద ఆగిపోతే మొత్తం పోతుంది అన్నారట. సీజనులో అద్దెకి తీసుకుందామన్నా ఖాళీ బండి దొరకదు, అన్నీ వ్యాపారుల దగ్గరే కట్టేసి ఉంటాయి. అందుకని పాత వ్యాపారికే కబురు పెట్టారు. ఆదివారం సాయంత్రం అతను వచ్చి తోట మీద బేరం తేల్చుకుంటాడు.

ఇక్కడ మా ఇంటి రక్తం పనిచేసింది. ఏ లోపమూ లేని బండి. లోపం ఉందని నమ్మే ఆసామి. ఇలాంటి బేరం మనిషి జన్మలో ఒకసారే వస్తుంది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ముసునూరు వెళ్ళాను. ఆవిడ చర్చి నుంచి వచ్చేదాకా తోట అంచున ఉన్న వాళ్ళ ఇంటి వసారాలో కూర్చున్నాను. కొమ్మలన్నీ కాయ బరువుకి నేల చూస్తున్నాయి. కాయ కోసే గెడల చిక్కాలు కొత్త వలలు కట్టి గోడకి ఆనించి ఉన్నాయి. వాటిని చూస్తే కాస్త బాధ అనిపించింది కానీ, బేరానికి వచ్చినవాడు చుట్టూ చూడకూడదని తల తిప్పుకున్నాను.

ఆవిడ వచ్చి మజ్జిగ ఇచ్చారు. బేరం మొదలైంది. నా జీవితంలో అలాంటి బేరం ఆడలేదు, చూడలేదు.

"శబ్దం ఉందని చెప్పే అమ్ముతున్నాను. తర్వాత నన్ను అనకూడదు" అన్నారు.

"శబ్దం లేదని తెలిసే కొంటున్నానండీ. తర్వాత మీరు బాధపడకూడదు."

ఆవిడ ఒక ధర చెప్పారు. నేను తగ్గించమన్నాను.

"దేనికి తగ్గించాలి?"

"ఆ శబ్దం ఉంది కదండీ."

"లేదన్నారుగా?"

"నాకు లేదు. మీకు ఉందిగా."

ఆవిడ నన్ను కళ్ళజోడు మీదుగా చాలాసేపు చూశారు. మా మేస్త్రి అయిదో తరగతిలో ఎలా ఉండేవాడో నాకు ఆ క్షణంలో తెలిసింది. అయినా తగ్గించారు. నేను మోసం చేస్తున్నాననుకోలేదు. ఆవిడా అనుకోలేదు. పాపం శెట్టిగారు చెడ్డ బండి కొంటున్నారని ఆవిడ జాలి, పాపం టీచరమ్మ మంచి బండి వదులుకుంటున్నారని నా జాలి. ఒకళ్ళ మీద ఒకళ్ళం జాలిపడుతూ బయానా ఇచ్చిపుచ్చుకున్నాం. కాగితాలు తర్వాత మార్చుకుందామనుకున్నాం. ఆవిడ తాళంచెవి నా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి తోటకేసి చూస్తూ లోపలికి వెళ్ళిపోయారు.

నేను బయలుదేరాను. ఆదివారం కాబట్టి ఊళ్ళో అన్నయ్యకి సరుకు ఇచ్చేవాళ్ళు కొట్లు తెరవలేదు. మొక్కజొన్న లేదు, మినుములు లేవు. చేసేదేమీ లేక ఖాళీ బండితోనే మెయిను రోడ్డెక్కాను. టాప్ గేరు వేసి, కాస్త ఊపందుకున్నాను.

మ్‌మ్... మ్‌మ్... మ్‌మ్.

కింది సానో కాదో నాకు తెలియదు. కానీ ఆవిడ గ్యారేజీలో పాడింది అచ్చంగా ఇదే, అదే తాళం, అదే ఆగడం, సీటు కిందినుంచి. బ్రేకు వేసి రోడ్డు పక్కన ఆపాను. మళ్ళీ కదిలాను. మళ్ళీ వచ్చింది. మంచి బండి కొన్నానన్న సంతోషం రెండు ఫర్లాంగులు కూడా నిలవలేదు.

ఇంజను ఆపి ఆలోచించాను. అదే రోడ్డు, అదే వేగం, అదే డ్రైవరు. మూడుసార్లు రాని శబ్దం ఇవాళ ఎందుకొచ్చింది? ఏం మారింది? అద్దంలో వెనక్కి చూశాను. వెనక లోడు తొట్టి ఖాళీగా, ఎండకి మెరుస్తూ కనిపించింది. ఆ బండిని నేను ఒక్కసారి కూడా ఖాళీగా నడపలేదు. రోడ్డు పక్కన ఒక్కణ్ణే కూర్చుని గట్టిగా నవ్వుకున్నాను. ఆ దారిన పోయే ఒక గేదె కూడా ఆగి చూసింది.

అయితే ఇది అనుమానమే, రుజువు కావాలి. రుజువు కావాలంటే బరువు కావాలి. ఆ సమయానికి ఎదురుగా చర్చి నుంచి నడిచి వస్తున్న ఆడవాళ్ళు కనిపించారు. తోటల్లో కాయ కోసే కూలి కుటుంబాలవాళ్ళు, తెల్లచీరలు, చేతుల్లో చిన్న సంచులు. పదిమందికి పైనే ఉంటారు. బండి తిప్పి వాళ్ళ పక్కన ఆపి, ఎండలో ఎందుకు నడవడం, ఎక్కండి, మీ ఊళ్ళో దింపుతానన్నాను. వాళ్ళలో నలుగురికి నేను తెలుసు. ఊరికే ఎక్కించుకుంటాననేసరికి అందరూ నిలబడి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. శెట్టిగారు ఊరికే ఎక్కించుకోవడం ఎన్నడైనా విన్నామా అని ఒకావిడ అడిగింది. ఎవరూ వినలేదు. అయినా ఎక్కారు.

బండి వెనక కొంచెం కిందికి కూర్చుంది. కొంచెం మాట్లాడకుండా ఉండండమ్మా, ఒక శబ్దం వినాలి అన్నాను.

"ఊరికే ఎక్కించుకుని నోరు కూడా మూయిస్తావా బాబాయ్" అంది వెనకనుంచి ఒకావిడ. "అలాగైతే చార్జీ తీసుకో, మేం మాట్లాడుకుంటాం."

వాళ్ళు నోరు మూయలేదు కానీ, మూలుగు మాత్రం రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. వాళ్ళ పేట దగ్గర ఆపి దింపాను. ఖాళీ బండి కాస్త ముందుకి నడిపి చూశాను. మ్‌మ్. వెనక్కి వచ్చి, అమ్మా, ఇంకోసారి ఎక్కుతారా అన్నాను. ఈసారి అందరూ నిజంగానే భయపడ్డారు. ఎండదెబ్బేమో, నీళ్ళు తాగు బాబాయ్ అన్నారు. బండి జబ్బు కనుక్కుంటున్నానని చెప్పాను.

"మా బరువు చూడ్డానికా ఎక్కించావు?" అంది మొదటి ఆవిడ. "అయితే కాటా వేసి చెప్పు, మా ఆయన కూడా తెలుసుకుంటాడు."

నవ్వుకుంటూ మళ్ళీ ఎక్కారు. మూలుగు మాయం. దిగారు. మూలుగు ప్రత్యక్షం. వాళ్ళకి దండం పెట్టి తిన్నగా నూజివీడు వచ్చి మేస్త్రిని ఇంట్లో నిద్ర లేపాను. ఆదివారం వాడికి కోడికూర, నిద్ర తప్ప వేరే ప్రపంచం లేదు. గొణుక్కుంటూ వచ్చాడు. బరువుంటే రాదు, లేకపోతే వస్తుంది అని నేను చెప్పగానే గొణుగుడు ఆపేశాడు. చొక్కా విప్పి బండి కిందకి దూరాడు. కాసేపటికి లోపలినుంచి నన్ను రమ్మన్నాడు. నేనూ వెల్లకిలా పడుకుని దూరాను, ఎన్నేళ్ళ తర్వాతో.

వాడు చెయ్యి పెట్టి చూపించింది కమాన్ కట్టని. వెనక చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్ట అది. మా మామిడి ఊళ్ళలో ఒక అలవాటుంది. సీజను ముందు ప్రతి బండికీ ఆ కట్టలో ఒక పట్టీ ఎక్కువ వేయిస్తారు, కాయ నింపిన ట్రేలు ఎక్కువ ఎక్కించుకోవచ్చని. అందరి బండికీ ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ చూడరు. మేమూ చూడలేదు. ఈ బండిని ముందు వాడిన ఆసామి ఆశపోతు, లారీ పట్టీలు రెండు తెచ్చి ఇరికించాడు. దాంతో ఖాళీగా ఉన్నప్పుడు బండి వెనకభాగం తేలు తోక ఎత్తినట్టు పైకి లేస్తోంది. షాఫ్ట్ తిన్నగా కాకుండా వంకరగా తిరగాల్సి వస్తోంది. ఆ వంకర దగ్గర జాయింటు మూలుగుతోంది. బరువు వేస్తే వెనకభాగం కిందికి దిగి షాఫ్ట్ తిన్నగా అవుతుంది, మూలుగు ఆగుతుంది. ఆవిడ కొన్న తర్వాత ఆ బండిలో ఎప్పుడూ లోడు వేయలేదు. నేను ఎప్పుడూ ఖాళీగా నడపలేదు. ఇద్దరం నిజమే చెప్పాం.

"మూడుసార్లు నన్ను కింద పడుకోబెట్టారు" అన్నాడు మేస్త్రి, చీకట్లోంచి. "ఒక్కసారి మీ అన్నయ్య బియ్యం దింపేసి వచ్చుంటే అయిపోయేది."

నేను స్పానరు అందించాను.

రెండు లారీ పట్టీలు తీసేసి, బండికి తగిన పట్టీ ఒకటి వేశాం. ట్రేలు కాస్త తక్కువ పడతాయి, ఇంకో ట్రిప్పు తిప్పుకుంటే సరి. మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ బండితో ఊరు దాటి వెళ్ళి వచ్చాను. మామూలు బండి. ఏ మూలుగూ లేదు. పొద్దు నడినెత్తి మీదినుంచి వాలింది. నేను తాళంచెవి జేబులో వేసుకోకుండా బండి మళ్ళీ ముసునూరు వైపు తిప్పాను.

"బండి మనదే కదా, ఈ తొందరేంటి?" అన్నాడు మేస్త్రి. అడగడానికి అడిగాడు కానీ, వాడి చేతిలో తువ్వాలు అప్పటికే మడతపడి ఉంది.

సాయంత్రం అక్కడికి వ్యాపారి వస్తాడన్నాను. నేనేమీ మహానుభావుణ్ణి కాదు. మా కొట్లో ఒకళ్ళ సరుకు పొరపాటున ఇంకొకళ్ళ సంచిలో పడితే, ఇంటికెళ్ళి మార్చుకొచ్చేవాళ్ళం. ఇది అలాంటిదే అనుకున్నాను. ఆవిడ అమ్మింది మూలిగే బండి, నా దగ్గరున్నది మూలగని బండి. ఇది ఆ సరుకు కాదు.

మేం వెళ్ళేసరికి వ్యాపారి వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. భుజం మీది కండువా తీసి, కుడిచేతి మీద కప్పుకుంటున్నాడు. కండువా కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకోవడం మా వైపు పాత వ్యాపారుల పద్ధతి. ఒక్కసారి ఆ వేళ్ళు ఒప్పుకున్నాయంటే మాట వెనక్కి రాదు. టీచరమ్మ గారు చెయ్యి చాపబోతున్నారు. నేను గట్టిగా హారను కొట్టాను.

ఆవిడ గుమ్మం దిగి వచ్చారు. మొహంలో కోపం.

"చెప్పలేదా శబ్దం ఉందని? ఇప్పుడు తిరిగి ఇస్తానంటే కుదరదు శెట్టిగారూ."

"ఇవ్వడానికే వచ్చానండీ. ఒకసారి నడపండి. ఖాళీగానే."

నమ్మలేదు. మేస్త్రి ముందుకొచ్చి, టీచరు గారూ, మీ చెవులది తప్పు కాదండీ, ఈయన బస్తాలది అన్నాడు. ఆవిడ మేస్త్రిని చూశారు, నన్ను చూశారు, చీర కొంగు బొడ్లో దోపుకుని స్టీరింగు ముందు కూర్చున్నారు. మమ్మల్ని ఎక్కించుకోలేదు. ఒక్కరే వెళ్ళారు. తోట పక్కన మట్టిరోడ్డు దిగి మెయిను రోడ్డెక్కడం చూశాం. వ్యాపారి కండువా మడతపెట్టి మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాడు. మేస్త్రి గోడకి ఆనించిన చిక్కం వల పట్టుకుని ముడులు సరిచూశాడు. బండి వచ్చే చప్పుడు దూరంనుంచి వినబడింది. మామూలు ఇంజను చప్పుడు, దాని మీద ఇంకేదో. దగ్గరకొచ్చాక తెలిసింది, ఆవిడ పాడుకుంటూ వస్తున్నారు.

దిగి నేరుగా వ్యాపారి దగ్గరికి వెళ్ళి, మీకు శ్రమ ఇచ్చాను, కాయ నేనే తోలుకుంటున్నాను అన్నారు. అతను ఇంకోసారి ఆలోచించుకోమన్నాడు. ఆలోచించడానికి మీరు పోయిన ఏడు చాలా టైమిచ్చారండీ అన్నారు ఆవిడ, ఎంతో మర్యాదగా. అతను కండువా భుజాన వేసుకుని మోటారుసైకిలు ఎక్కాడు.

ఇక మా లెక్క మిగిలింది. బయానా తిరిగి ఇచ్చేశారు, అక్కడితో ఊరుకోవచ్చు. కానీ నా నోరు ఊరుకోదు. పట్టీ, కూలి, ఆదివారం పని అంటూ మొదలుపెట్టాను. ఆవిడ మొత్తం విన్నారు.

"న్యాయమే. మరి మీ అన్నయ్యగారి బస్తాలు నా బండిలో మూడుసార్లు తిరిగాయి. పోనూ రానూ. కిరాయి ఎంతవుతుందో మీరే చెప్పండి, మీకంటే తెలిసినవాళ్ళు లేరు."

మా మేస్త్రి ఒక మామిడి చెట్టు వెనక్కి వెళ్ళి నవ్వుకుని వచ్చాడు. చెల్లుకు చెల్లు అనుకున్నాం. నా జీవితంలో నేను ఓడిన బేరాలు తక్కువ. ఓడి సంతోషంగా బస్సెక్కింది అదొక్కటే.

కుర్ర మెకానిక్కులకి నేను చెప్పేది ఇంతే. కస్టమరు వినిపిస్తోందంటే ఎక్కడో వినిపిస్తోంది. వాళ్ళు నడిపినట్టు నడపండి, వాళ్ళు కూర్చున్నట్టు కూర్చోండి, వాళ్ళ దారిలో వెళ్ళండి. మీ అలవాటు మీతోపాటు బండెక్కకుండా చూసుకోండి. తెర మీద అది కనిపించదు. ఈ సంగతి తర్వాత నేను ట్రయల్‌కి బస్తాలు వేయడం మానేశాను. అన్నయ్య ఆర్నెల్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

కోత మొదలైన రోజు తెల్లారగానే ఆవిడ మొదటి లోడుతో విస్సన్నపేట మార్కెట్‌కి బయలుదేరారు. బేరం ఆడటానికి తోడు వస్తానని నేనే అడిగి వెళ్ళాను. కొత్తవాళ్ళని అక్కడ నమిలి మింగేస్తారు, నా అవసరం ఉంటుందనుకున్నాను. తీరా వెళ్ళాక, మీరు బండి దగ్గర ఉండండి, ట్రేలు ఎవరూ ముట్టుకోకుండా చూడండి అని నన్ను అక్కడే నిలబెట్టి, రెండు కాయలు చేతిలో పట్టుకుని ఆవిడ లోపలికి వెళ్ళారు. చుట్టూ మూగిన కొనుగోలుదారుల మధ్య కాటన్ చీర మాత్రం కనిపించింది. ఒకళ్ళు ఏదో అన్నారు. ఆవిడ కాయ ముక్కు దగ్గర పెట్టి వాసన చూడమన్నారు. ఇంకొకళ్ళు చేతి మీదికి కండువా లాక్కున్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపి, అందరికీ వినిపించేటట్టు ధర నోటితోనే చెప్పారు. కాస్త గొడవ, కాస్త నవ్వు, తర్వాత హమాలీలు వ్యాను వైపు నడిచొచ్చారు. మొత్తం లోడు ఒకే మాట మీద పోయింది. ఆ ధర విని నేను ట్రే మీద కూర్చుండిపోయాను. నేనైతే దానికంటే తక్కువకే ఒప్పుకుని ఉండేవాణ్ణి.

ట్రేలు దింపాక ఖాళీ బండిని ఆవిడ యార్డు గేటు దాకా నెమ్మదిగా తెచ్చి ఆపారు. పక్కనే ఉన్న ఒక రైతు ఇంజను చప్పుడు విని, చుట్టూ తిరిగి చూసి, నన్ను ఆసామి అనుకుని, బండి నున్నగా నడుస్తోంది, అమ్ముతారా అని అడిగాడు.

ఆవిడనే అడగమన్నాను. "నేను ఒకసారి కొన్నానండీ" అన్నాను. "సాయంత్రం దాకా కూడా నిలవలేదు."